పెంటమ్మను ప్రియాంక చెయ్యబోయిన కథ

తెలుగు టీచరు చేసే అసలు పని

మా మేనకోడలికి ఈమధ్య తెలుగు టీచరుగా ఉద్యోగం వచ్చింది. చేరబోయే ముందు రోజు మా ఇంటికొచ్చి, "అత్తా, ఇన్నేళ్ళు చేశావు కదా, పనికొచ్చే ముక్క ఒకటి చెప్పు" అంది. పాఠం చెప్పడం గురించి నేను చెప్పేదేమీ లేదు. సంధులు పుస్తకంలోనే ఉన్నాయి. పిల్లల అల్లరి పిల్లల దగ్గర ఉంది. జీతం ఎప్పుడొస్తుందో దేవుడి దగ్గర ఉంది. ఎవరూ చెప్పనిది మిగతా ఉద్యోగం గురించి. అది చెప్తాను.

తెలుగు టీచరంటే ఊరుమ్మడి చేతిపంపు. ఎవరైనా వచ్చి కొట్టుకోవచ్చు. సైన్సు సారు చెల్లెలి పెళ్ళికి శుభలేఖ మీరే రాయాలి. ఆగస్టు పదిహేనుకి వచ్చే ముఖ్య అతిథి ఉపన్యాసం మీరే రాయాలి. ఆయన దాన్ని తప్పులతో చదువుతుంటే ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టేదీ మీరే. పక్క వీధిలో ఎవరైనా పోతే 'శ్రద్ధాంజలి'లో వత్తు ఎక్కడ పెట్టాలో అడగడానికి బ్యానర్లు రాసేవాడు మీ క్లాసుకే వస్తాడు. వీటికి తోడు, పుట్టిన ప్రతి పిల్లకీ పేరు మీరే వెతకాలి. పెట్టిన ప్రతి పేరుకీ అర్థం మీరే చెప్పాలి.

మాది తెనాలి దగ్గర పల్లె. మా ఆయనకి హైదరాబాదులో నాచారం ఫ్యాక్టరీల్లో ఉద్యోగం దొరికితే వెంట వచ్చాను. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చేరి, అక్కడే తల నెరిపించుకున్నాను. మధ్యాహ్నం గాలి ఇటు తిరిగితే మందుల ఫ్యాక్టరీ వాసన క్లాసులోకి వచ్చేది. ఆ వాసనలోనే వసంత ఋతువు వర్ణన చెప్పేదాన్ని. నా తెలుగు వింటే పిల్లలు సినిమా చూస్తున్నట్టు నవ్వేవాళ్ళు. వాళ్ళ తెలుగు నాకు మొదట్లో సగమే అందేది. ఏడాది తిరిగేసరికి మా ఆయనతో "జర ఆ గ్లాసు ఇటియ్యి" అనడం మొదలుపెట్టాను. ఆయన నా మొహంలోకి చూసి, గ్లాసిచ్చి, ఏమీ అనలేదు. కాపురాలు అలా నిలబడతాయి.

రెండక్షరాల జబ్బు

రెండు వేలు దాటాక ఉప్పల్ నుంచి పీర్జాదిగూడ దాకా అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిల్లోకి కంప్యూటర్ ఉద్యోగాల దంపతులు దిగారు. వాళ్ళతో పాటు రెండక్షరాల పేర్లు దిగాయి. అంతకుముందు ఒక పేరులో ఇద్దరు దేవుళ్ళూ ఒక తాతగారూ ఇరుక్కుని ఉండేవాళ్ళు. ఇప్పుడు పేరు రెండక్షరాలకి మించకూడదు, ఎవరికీ ఉండకూడదు, అమెరికావాడి నోరు తిరగాలి.

ఒకసారి ఒక జంట నెట్‌లోంచి తీసిన కాగితం పట్టుకొచ్చారు.

"ఝియా అండీ. సంస్కృతంలో వెలుగు అని ఉంది."

"ఏ సంస్కృతంలో?"

"నెట్‌లో ఉన్న సంస్కృతంలో."

నెట్‌లో ఉన్న సంస్కృతానికి మూడే అర్థాలని నాకు త్వరగానే తెలిసింది. ఏ రెండక్షరాలు కలిపినా వెలుగు, కాకపోతే లక్ష్మీదేవి, అదీ కాకపోతే దేవుడిచ్చిన వరం. నా దగ్గరున్న నిఘంటువుల్లో ఝియా లేదని చెప్పాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. అప్పటికే బారసాల అయిపోయిందట. కప్పుల మీద కూడా అచ్చు వేయించారట.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పేరు పెట్టకముందు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పడం. పెట్టేశాక అడిగితే చాలా బాగుందని చెప్పి కాఫీ తాగి రావడం. ఈ పద్ధతి చాలా ఏళ్ళు బాగానే నడిచింది. పెంటమ్మ వచ్చి దాన్ని పాడుచేసింది.

ప్రెజెంట్ మేడం

పెంటమ్మ తొమ్మిదో తరగతిలో మా స్కూల్లో చేరింది. వాళ్ళది జనగామ వైపు పల్లె. తండ్రి సత్తయ్య ట్రాలీ ఆటో తోలేవాడు. తల్లి యాదమ్మ ఫ్యాక్టరీలో సీసాలకి లేబుళ్ళు అంటించేది. మల్లాపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ముగ్గురూ ఉండేవాళ్ళు. ఇంట్లో పిల్లని 'పెంటి' అని పిలిచేవాళ్ళు.

మొదటి రోజు హాజరు తీసుకుంటూ "పెంటమ్మ" అన్నాను. క్లాసు గొల్లుమంది. ఆ రోజుల్లో పెంట అంటే చెత్తే కాదు, ఏ పని చెడినా 'పెంట పెంట అయింది' అనడం పిల్లలకి ఊతపదం. ఈ పిల్ల లేచి, గోడలు అదిరేట్టు "ప్రెజెంట్ మేడం" అని కూర్చుంది. బాగుంది, గట్టిపిండమే అనుకున్నాను.

చరణ్ అని ఒకడు ఉండేవాడు. ముక్కు మూసుకుని ఆమె బెంచీ పక్కనుంచి పోయేవాడు. ఒకరోజు ఆమె నా దగ్గరకొచ్చి, "మేడం, చరణ్ అంటే ఏంది?" అని అడిగింది. చరణమంటే పాదం అని చెప్పాను. ఆ మధ్యాహ్నం వాడు మళ్ళీ ముక్కు మూసుకుని వచ్చాడు. "ఓ కాలూ, జర పక్కకి జరుగు" అంది. ఆ సంవత్సరమంతా వాడు కాలుగానే ఉండిపోయాడు.

కానీ నవ్వే నోళ్ళు నలభై, సమాధానం చెప్పే నోరు ఒకటి. పదో తరగతికొచ్చేసరికి ఆ "ప్రెజెంట్ మేడం" సన్నబడింది. పుస్తకాల అట్టల మీద 'పి.' అని మాత్రం రాసుకోవడం చూశాను. ఒకరోజు హాజరుకి ముందే నా బల్ల దగ్గరకొచ్చి, "మేడం, నన్ను పేరు పెట్టి పిలువకుండ్రి. రోల్ నంబరు చదువుండ్రి" అంది. చదువులో మాత్రం ఎక్కడా తగ్గలేదు. లెక్కల్లో ఆ పిల్లను అందుకునేవాళ్ళు స్కూలు మొత్తం మీద లేరు.

కరస్పాండెంటు గారు

మా కరస్పాండెంటు పి. రావు గారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి, చెంగిచెర్లలో ప్లాట్లు వేసి అమ్మి, ఆ తర్వాత స్కూలు పెట్టారు. రెంటికీ ఆయన దృష్టిలో పెద్ద తేడా లేదు. అడ్మిషన్లకి వచ్చిన తల్లిదండ్రులకి స్కూలు చూపించేటప్పుడు కూడా "ఇటు తూర్పు, అటు నలభై అడుగుల రోడ్డు" అని చెప్పేవారు. చెడ్డమనిషి కాదు. సెలవు అడిగితే ఇచ్చేవారు. ఆయనకున్న పిచ్చల్లా ఫ్లెక్సీలు. పదో తరగతి ఫలితాలు రాగానే ఉప్పల్ రింగురోడ్డు దగ్గర పిల్లల ఫొటోలతో, మధ్యలో తన ఫొటోతో ఫ్లెక్సీ కట్టించకపోతే ఆయనకి ఎండాకాలం గడిచేది కాదు.

పదో తరగతి పిల్లల పేర్లు బోర్డుకి పంపే రోజులు. అక్కడికి వెళ్ళిన పేరు ఇక జన్మంతా ఉంటుంది. ఆయన నన్ను పిలిపించారు.

"మేడం, ఈసారి స్కూల్ ఫస్ట్ ఎవరు?"

"పెంటమ్మే. అనుమానం లేదు."

"అదే నా బాధ. చుట్టుపక్కల ఫ్లెక్సీల మీద శ్రీనిధులు, తేజస్వినులు ఉంటారు. మన ఫ్లెక్సీ మీద పెంట అని రాసి పైన నా ఫొటో వెయ్యమంటారా?"

నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

"ప్రియాంక అని మార్పిద్దాం. తల్లిదండ్రుల్ని ఒప్పించండి. మీరు తెలుగు మనిషి, నాలుగు మంచి మాటలు చెప్పి నచ్చజెప్పగలరు."

"పేరు వాళ్ళది కదండీ."

"పేరు మనిషికి బోర్డు లాంటిది మేడం. బోర్డు బాగోకపోతే లోపలికి ఎవడొస్తాడు?"

"ఇంతకీ మీ పేరులో పి అంటే ఏమిటండీ?" అని అడిగాను. ఊరికే అడిగాను.

"ప్రసాదరావు అనుకోండి" అని ఫోను చేతిలోకి తీసుకున్నారు.

పై అధికారుల గురించి ఒక మాట. వాళ్ళు తప్పు చెప్పినప్పుడు వెంటనే ఎదురు చెప్పకండి, వెంటనే చేయనూ చేయకండి. 'చూస్తానండీ' అని బయటికి రండి. సగం సమస్యలు ఆ మాటలోనే పాతబడి రాలిపోతాయి. ఇది రాలలేదు.

పెంట అంటే ఏమిటి

ఇంటర్వెల్లో పెంటమ్మను పిలిచి సంగతి చెప్పాను. ఏడుస్తుందో, కోప్పడుతుందో అనుకున్నాను. "మార్చుకుంట మేడం. ప్రియాంక అయితే ఎవ్వడు నవ్వడు" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఇంతకు నా పేరుకి మంచి అర్థమేమన్న ఉందా మేడం?" అని అడిగింది.

పెట్టేసిన పేరు. బాగుందని చెప్పి కాఫీ తాగాల్సిన చోటు. కానీ ఆ పిల్ల కళ్ళు చూస్తే అలా చెప్పబుద్ధి కాలేదు. మర్నాడు రమ్మన్నాను. ఆ సాయంత్రం నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను.

"పెంట అంటే మొదటి అర్థం అందరికీ తెలిసిందే" అని చెప్పాను. "పేడా చెత్తా పోసే కుప్ప. దాన్నే బండికెత్తి చేనుకి తోలితే ఎరువు. పెంట లేనిదే పంట లేదు. రెండోది, నల్లమల అడవిలో చెంచులు వాళ్ళ గూడేన్ని పెంట అంటారు. మనుషులు కాపురముండే చోటు. మూడోది, ఇంట్లో నిన్ను పిలిచే పేరు, పెంటి. పాత తెలుగులో పెంటి అంటే ఆడది. పెండ్లాం, పెండ్లి, అన్నీ ఆ ఇంటి మాటలే. తమిళంలో పెణ్ అంటారు. కన్నడంలో హెణ్ణు. మన పాలు వాళ్ళకి హాలు అయినట్టు, మన పె వాళ్ళకి హె అయింది."

పిల్ల మొహం వెలిగిపోయింది. "అంటే నా పేరుకి చెత్తతోని సంబంధం లేదు గదా మేడం? పెంటి అంటే ఆడిపిల్ల, గంతే గదా?"

ఇక్కడే కొత్తగా వచ్చేవాళ్ళు జాగ్రత్తగా వినాలి. మాటకి మూలం చెప్పేవాడికి ఎదుటివాళ్ళని సంతోషపెట్టాలన్న ఆశ చెడ్డది. అవునని ఒక్క మాటంటే పిల్ల గంతులేసుకుంటూ పోయేది. పెంటి వేరు, పెంట వేరు. గూడెం పెంటకీ చెత్త పెంటకీ చుట్టరికం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఊళ్ళో తల్లి తన బిడ్డకి ఆ పేరు పెట్టిందంటే నిఘంటువు చూసి పెట్టలేదని మాత్రం నాకు బాగా తెలుసు. అలాంటి పేర్లు మా ఇంట్లోనూ ఉన్నాయి, మా మేనత్త పేరు పుల్లమ్మ.

"సంబంధం ఉంది" అన్నాను. "అది మంచి సంబంధమే అనుకుంటున్నాను. కానీ అది చెప్పవలసింది మీ అమ్మ. ఒకసారి రమ్మను."

యాదమ్మ

యాదమ్మ షిఫ్టు దిగి నేరుగా వచ్చింది. వేళ్ళకి జిగురు ఆరిపోయి పొట్టు లేస్తోంది. గట్టి గొంతు, తడబాటు లేని మనిషి. పెంటమ్మ పక్కనే నిలబడింది. కరస్పాండెంటు గారి కోరిక చెప్పాను.

"మారుస్తరా? ఎవ్వలు మార్చమన్నరు?"

"సారు ఫ్లెక్సీ మీద బాగుండాలని..."

"ఫ్లెక్సీ మీద మంచిగుండాలంటే మీ సారు ఫొటో తీసేయుండ్రి మేడం!"

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీకు తెల్వదు. దీనికి ముందుగాల నాకు ఇద్దరు పోయిన్రు. పిలగాడు పురిట్లనే పోయిండు. ఆడిపిల్ల పాకే యాల్లకు జరం వచ్చి పోయింది. ఇది పుట్టినంక మా అత్త దీన్ని చేతులల్ల పెట్టుకోలే. తీస్కపోయి ఇంటెనక పెంటకుప్ప మీద పండవెట్టింది. పక్కింటామె వచ్చి, గీడెవలో పిల్లను పారేసిన్రు అని ఎత్తుకున్నది. నేను చాటెడు తవుడు ఇచ్చి ఆమె తాన కొన్న. నా పిల్లను నేనే కొనుక్కున్న మేడం. దేవుడు సూస్తే, ఇది పెంటల దొరికింది, దీన్ని తీస్కపోయి నేనేం జేసుకోవాలె అనుకోవాలె. ఇన్నేండ్లు దాసి పెట్టిన. ఇప్పుడు మీరు ప్రియాంక అని ఇంతింత అక్షరాలు రాసి, ఫొటో వెట్టి, రోడ్డు మీద నిలవెట్టి ఆ దేవునికి సూపిస్తరా?"

ఈ ఆచారం నాకు తెలుసు. పుస్తకాల్లోనూ చదివాను. కానీ తవుడిచ్చి కొన్న తల్లి ఎదురుగా కూర్చుంటే వేరు.

పెంటమ్మ అడిగింది. "నాకు అన్న, అక్క ఉండెనా?"

"ఉండె బిడ్డ."

"ఎన్నడు చెప్పలే?"

"ఏం చెప్పాలె."

"వాళ్ళ పేర్లేంది?"

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "శ్రీకాంతు, శిరీష. మస్తు మంచి పేర్లు పెట్టినం బిడ్డ."

ఆ పిల్ల తల్లి భుజం మీద వాలుతుందని అనుకున్నాను. కథల్లో అలాగే జరుగుతుంది. పదిహేనేళ్ళ పిల్లలు కథల ప్రకారం నడవరు. మొహమంతా ఎర్రబడింది.

"నీకు భయం. సిగ్గేమో నాకు! నీ భయాన్ని నేనెందుకు మొయ్యాలె అమ్మా? రోజు నవ్వేది నన్ను. నిన్ను గాదు!"

యాదమ్మ లేచింది. "నీకేం గావాలంటే అది జేస్కో. నేనైతే సంతకం పెట్ట" అని వెళ్ళిపోయింది. పిల్ల ఇంకో తలుపులోంచి వెళ్ళిపోయింది. మధ్యలో నేను మిగిలాను. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. తల్లీకూతుళ్ళు ఆ వారం మాట్లాడుకోలేదని, మధ్యలో సత్తయ్య ఇద్దరికీ వార్తలు మోస్తున్నాడని తర్వాత తెలిసింది.

పెద్దావిడ

ఏటా దసరాకి, పేర్లు బోర్డుకి పంపే ముందే, పదో తరగతి పిల్లలకి స్కూల్లో సరస్వతీ పూజ చేయించేవారు. ఆ ఏడు కరస్పాండెంటు గారి తల్లి ఊరినుంచి వచ్చి ఉంటే, ఆవిడని కూడా కారులో తీసుకొచ్చి ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. చెవులు మాత్రం కొంచెం మందం.

పూజ అయ్యాక ఆయన మైకు పట్టుకున్నారు. వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసం. "పిల్లలూ, జీవితంలో పైకి రావాలంటే మొట్టమొదట మన పేరు..." అని చెయ్యెత్తారు.

ముందు వరసలోంచి, మైకు అక్కర్లేని గొంతు లేచింది.

"ఒరే పుల్లిగా! ఆ గొట్టం మూతి దగ్గర పెట్టుకోరా, ఒక్క ముక్క వినపడి చస్తేనా!"

మొదట వెనక వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత స్కూలంతా. నా పక్కనున్న హిందీ మేడం కొంగు మొహం మీద కప్పుకుంది. కరస్పాండెంటు గారు ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయారు.

ఆవిడకి పిల్లలెందుకు నవ్వుతున్నారో అర్థం కాలేదు. "ఏరా పుల్లిగా, ఆపేశావేం?" అని మళ్ళీ అడిగింది.

ప్రసాదాలు పంచేటప్పుడు చూస్తే, పెంటమ్మ ఆవిడ కుర్చీ దగ్గర నిలబడి ఉంది. నేనూ పులిహోర గిన్నె పట్టుకుని దగ్గరికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే వినడానికే వెళ్ళాను.

"అమ్మమ్మా, సార్‌ను అట్లెందుకు పిలిచిన్రు?"

"వాడి పేరేనే. పుల్లారావు. వీడికి ముందు ముగ్గురు పోయారు నాకు. వీడు పుట్టగానే మా అత్తగారు భోజనాలు చేసి పారేసిన పుల్లాకులుంటాయి చూడు, ఎంగిలి విస్తళ్ళు, వాటి మీద దొర్లించింది. అందుకని పుల్లయ్య. బళ్ళో వేసేప్పుడు మా ఆయన రావు తగిలించాడు, దర్జాగా ఉంటుందని." ఆవిడ నవ్వుతూనే చెప్తోంది. "తెల్లగా బొద్దుగా ఉండేవాడు. వాడి మీద ఆకుకూర మెతుకులు! చూసి తీరాలి. నీ పేరేంటే?"

"పెంటమ్మ."

ఆవిడ చేతిలోని ప్రసాదం పక్కన పెట్టింది. పిల్ల గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. పేరుకి అర్థమేంటని అడగలేదు. "మీ అమ్మకి ఎంతమంది పోయారే?" అని అడిగింది.

"ఇద్దరు."

"ఇలా కూర్చో."

కృష్ణా జిల్లా ముసలావిడా జనగామ పిల్లా పక్కపక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ రోజుల్లో బయట బందులూ ఊరేగింపులూ నడుస్తున్నాయి. మీ తెలుగు వేరు, మా తెలుగు వేరని రోజూ గొడవ. వేరే కావచ్చు. పుల్లాకు అక్కడిది, పెంటకుప్ప ఇక్కడిది. యముణ్ణి మోసం చేసే పద్ధతి మాత్రం రెండు వైపులా ఒక్కటే.

కరస్పాండెంటు గారు హడావిడిగా వచ్చారు. "అమ్మా, కారొచ్చింది."

"ఒరే, ఈ పిల్ల పేరు మార్పిస్తానన్నావట?"

"అది కాదమ్మా, ఫ్లెక్సీ..."

"నువ్వు ప్రసాదరావునని చెప్పుకుంటున్నావని నాకు తెలుసు. చెప్పుకో. నీకు బట్టతల వచ్చింది, ఇంక యముడికి నీ మీద అంత మోజుండదు. ఇది చిన్నపిల్ల."

ఆయన నా వైపు చూశారు. నేను పులిహోర వైపు చూశాను.

మర్నాడు పెంటమ్మ ఆయన గదికి వెళ్ళి, "సార్, నా పేరు అట్లనే ఉండనీయుండ్రి" అని చెప్పి వచ్చింది. ఆయన సరేనన్నారు. ఇంకేమంటారు. తర్వాత నేను అడిగాను, మనసెందుకు మారిందని.

"ఆ అమ్మమ్మ నవ్వుకుంట చెప్పింది మేడం. ముగ్గురు పోయినా నవ్వుకుంట చెప్పింది. మా అమ్మ ఎన్నడు చెప్పనేలే, చెప్పినప్పుడు ఏడ్సింది. మా అమ్మ సుత ఒకనాడు నవ్వుకుంట చెప్పాలె. పేరే లేకపోతే ఇంక ఎప్పుడు చెప్తది?"

నేను బోధించినదాంట్లో ఇది లేదు. ఏ నిఘంటువులోనూ లేదు.

ఫ్లెక్సీ

స్కూల్ ఫస్ట్ పెంటమ్మే. రింగురోడ్డు దగ్గర ఫ్లెక్సీ లేచింది. మధ్యలో యథాప్రకారం కరస్పాండెంటు గారు. పక్కన రెండు జడలతో మా పిల్ల. కింద పేరు: 'పి. అమ్మ'.

తల్లి మాటకి ఎదురు చెప్పలేక, మనసుకి నచ్చజెప్పుకోలేక ఆయన కనిపెట్టిన మధ్యేమార్గం అది. బస్‌స్టాపులో జనం ఫొటోలు వదిలేసి ఆ పేరు చదవడం నేను చూశాను. "ఎవరీ అమ్మ? ఈ వయసుల పదో తరగతి పాసైందా?" అని ఒకాయన పక్కాయన్ని అడిగాడు. "ఏదో ఆశ్రమం పెట్టినట్టుంది" అన్నాడు పక్కాయన.

నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని వెళ్ళి అడుగుదామనుకుంటూ ఉండగానే సత్తయ్య ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి తల్లీకూతుళ్ళు దిగారు. పెంటమ్మ చదివి పళ్ళు కొరికింది. యాదమ్మకి చదువు రాదు.

"ఏం రాసిన్రే?"

"పి అమ్మ అని రాసిన్రు."

"పి అమ్మనా? గామె ఎవలు?"

"నేనే!"

యాదమ్మ ఫ్లెక్సీ వైపు చూసింది. కూతురి వైపు చూసింది. మెల్లగా ఆమెకి అర్థమైంది. ఫొటో ఉంది, స్కూల్ ఫస్ట్ అని ఉంది, పేరు మాత్రం దేవుడికి కూడా అంతుబట్టకుండా ఉంది. "ఓయమ్మో! మీ సారు నాకంటె మొనగాడే! గిట్ల దాసిపెట్టాలని నాకు గూడ తోచలే!" అని నవ్వడం మొదలుపెట్టింది. రింగురోడ్డు మీద, బస్సుల హారన్ల మధ్య, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే సత్తయ్యకి ఆ పెంటకుప్ప సంగతి, తవుడు సంగతి, ఆయనకి తెలిసిందే మళ్ళీ చెప్పింది. ఆ రోజు పక్కింటామె చేతిలో పిల్ల ఎలా తుమ్మిందో చెప్పింది. సత్తయ్య కూడా నవ్వాడు. పెంటమ్మ మొదట బిగుసుకుని నిలబడింది, తర్వాత ఆగలేకపోయింది.

నేను కరస్పాండెంటు గారిని ఏమీ అడగలేదు. ఆయన మాత్రం చివరిదాకా పి. రావు గారుగానే ఉన్నారు. ఫ్లెక్సీల మీద ఆయన ఫొటో ఏటేటా పెద్దదైంది. మనుషులు ఒక పూజతో మారిపోతారని నేను చెప్తే మీరు నమ్మొద్దు.

ఆ తర్వాత

పెంటమ్మ ఇంటర్ చదివి, నర్సింగు చదివింది. రాష్ట్రం వేరుపడ్డ రెండు మూడేళ్ళకి, నేను రిటైరయ్యానని తెలిసి చూడటానికి వచ్చింది. అప్పటికి ఒక దవాఖానాలో పురిటి పిల్లల వార్డులో పనిచేస్తోంది. బరువు తక్కువగా పుట్టిన పిల్లలు, ఊపిరి సరిగా అందని పిల్లలు ఉండే వార్డు, పక్కగదిలో తల్లుల మంచాలు. ఇంకా నవ్వుతున్నారా అని అడిగాను. డాక్టర్లు కొందరు నవ్వుతారట, సిటీ పేషెంట్లు బ్యాడ్జీ చూసి మొహం తిప్పుకుంటారట. "నవ్వనీయుండ్రి మేడం, ఫికర్ లేదు" అంది.

తర్వాత ఈ సంగతి చెప్పింది. ఆ మధ్య ఒకామె, ఊళ్ళనుంచి వచ్చిన మనిషి, అంతకుముందు ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుందట. మూడో పిల్ల అద్దాల పెట్టెలో ఉంది. ఆమె తిండి మానేసింది, ఎవరితో మాట్లాడటం మానేసింది, పిల్ల వైపు చూడటమే మానేసింది. చూస్తే ఆశ పుడుతుందని. డాక్టరు చెప్పినా వినలేదు, మొగుడు చెప్పినా వినలేదు. ఆమె అత్త మాత్రం కొంచెం చదువుకున్న మనిషి. పెంటమ్మ మందు ఇవ్వడానికి వంగినప్పుడు కొంగుతో కళ్ళు తుడుచుకుని, బ్యాడ్జీ మీది అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. చదివి, ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బిడ్డా, మీ అమ్మకు ఎందరు పోయిన్రు?"

"ఇద్దరు."

ముసలామె కోడలి వైపు తిరిగింది. "సూడే. గిటు సూడు. గీ పిల్ల పేరు సూడు."

కోడలు మంచం మీద లేచి కూర్చుంది. పెంటమ్మను కిందనుంచి మీదిదాకా చూసింది. తెల్ల యూనిఫారం, మెళ్ళో గొట్టం, బూట్లు. రెండు రోజులుగా మూసిన నోరు అప్పుడు విప్పింది.

"అక్కా, నువ్వెట్ల బతికినవో చెప్పవా?"

"డ్యూటీ అయిపోవచ్చింది మేడం అప్పటికి" అంది పెంటమ్మ. "మంచం మీద కూసున్న. చెప్పిన."

"ఏం చెప్పావు?"

"అంతా. పెంటకుప్ప, తవుడు, పి. అమ్మ. ఆమె మస్తు నవ్వింది. నవ్వినంక లేచి పిల్ల కాడికి పోయింది."